ఆరోగ్య ప్రచారం: రోజూ వినే అపోహలు, పనిలో తెలిసిన వాస్తవాలు

విశాఖలో రేడియోకి, కేబుల్ ఛానళ్లకి, వీధుల్లో తిరిగే మైకు ఆటోలకి ఆరోగ్యం గురించి మాటలు రాయడం నా పని. ముప్పై సెకన్ల ప్రకటన అయినా, అరగంట ఫోన్-ఇన్ అయినా కలం పట్టే ముందు ఒకటే అడుగుతాను: ఇది విన్న మనిషి ఈ సాయంత్రంలోగా ఏం చేయగలడు? దానికి జవాబు లేని స్క్రిప్టు ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తాను. ఈ పని మీద అధికారుల్లోనూ, కొత్త విలేకరుల్లోనూ, చదువుకున్న స్నేహితుల్లోనూ కొన్ని నమ్మకాలు పాతుకుపోయాయి. వాటివల్ల పోయేది ప్రచారం డబ్బు ఒక్కటే అయితే ఊరుకునేదాన్ని. మనుషులకు హాని జరుగుతోంది, అందుకే రాస్తున్నాను.

అపోహ: జనానికి తెలియక చేయడం లేదు. చెబితే చేస్తారు.

డెంగీనే తీసుకోండి. అది దోమ వల్ల వస్తుందని తెలియని ఇల్లు ఈ ఊళ్లో దొరకడం కష్టం. కానీ కొండవాలు కాలనీల్లో కుళాయి వచ్చే కాసేపట్లోనే రోజుకు సరిపడా నీళ్లు పట్టుకోవాలి. గాబులు, డ్రమ్ములు, బిందెలు అన్నీ నింపుకోవాలి. అక్కడికి మైకు వెళ్లి "నీళ్లు నిల్వ ఉంచకండి" అంటే ఆ ఇల్లాలు నీళ్లు పారబోస్తుందా? మన మాటను పారబోస్తుంది.

ఆమెకు చెప్పాల్సింది వేరే ఉంది. డెంగీ దోమ మురుగు వెతుక్కోదు, ఇంట్లో పట్టిపెట్టిన మంచినీళ్లే దానికి చాలు. గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము గోడకు అంటించి పెడుతుంది. డ్రమ్ము ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. కాబట్టి ఖాళీ చేసి తిరిగి నింపితే సరిపోదు, లోపలి గోడల్ని పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి కడగమనేది ఆ లెక్కతోనే. తర్వాత గుడ్డ కట్టి మూత బిగించాలి. ఈ దోమ పగలు కుడుతుంది కనుక మధ్యాహ్నం పడుకునే పసిబిడ్డకూ దోమతెర కావాలి. వారానికో రోజు పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టమనే "ఫ్రైడే - డ్రైడే" నినాదం అందరి నోటా ఉంది. రుద్ది కడగాలన్న సంగతి మాత్రం చాలామందికి చేరలేదు. ఆ లోపం రాసేవాళ్లదేనని నా గట్టి అభిప్రాయం.

విరేచనాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. "ఉప్పు, పంచదార కలిపి తాగించండి" అంటే ఎంత ఉప్పు? లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. రెండూ టీ చెంచాతో, అంచుకు సమానంగా తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరికితే అదే మేలు, దాని మీద రాసినంత నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని తీపి పానీయాలు అమ్ముడవుతుంటే హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి వీడియోలు పెట్టి తల్లులను హెచ్చరించారు, అధికారులకు ఫిర్యాదులు చేశారు, కోర్టుకూ వెళ్లారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. బహిరంగ మాధ్యమం ఎంత పని చేయగలదో చూపించమంటే నేను మొదట చెప్పేది ఈ సంగతే.

అపోహ: భయపెడితేనే మారతారు.

భయం వేసిన మనిషికి వెంటనే ఒక దారి చూపిస్తే కదులుతాడు. దారి చూపకపోతే దాక్కుంటాడు. ఎయిడ్స్ మీద తొలి రోజుల్లో పుర్రెలు, ఎముకల బొమ్మలతో గోడలు నింపారు. జబ్బు కంటే ముందు వెలి ఊళ్లలోకి వెళ్లింది. టీబీకి అలా రాయకూడదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా మందులూ ఉచితం, మామూలు టీబీకి ఎక్కువగా ఆరు నెలల కోర్సు. మందులు సరిగ్గా పడితే కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. చివరి మాట తప్పకుండా చెప్పాలి. దాన్ని విన్నాకే ఇంట్లోవాళ్లు రోగి కంచం వేరుగా పెట్టడం మానతారు. పోషణ కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు, అదీ చెప్పండి.

అపోహ: టీవీలో డాక్టరు గారు చెప్పారంటే నిజమే అయివుంటుంది.

అరగంట స్లాటు కొనుక్కుని మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మధుమేహం, బీపీ, క్యాన్సర్, మూర్ఛ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం ప్రకారం నేరం. "షుగర్ శాశ్వతంగా మాయం" అన్న మాట వినగానే ఛానల్ మార్చండి. వేసుకునే మందు మాత్రం మానకండి.

అపోహ: ఆత్మహత్య వార్తలో వివరాలన్నీ ఇస్తే తల్లిదండ్రులు జాగ్రత్త పడతారు.

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో ఏ పేపరు తిరగేసినా నాకు గుండె బరువెక్కుతుంది. ఎలా చనిపోయారో, ఎక్కడో వివరంగా రాస్తే, అదే బాధలో ఉన్న మరొకరు ఆ దారి పట్టే ప్రమాదం పెరుగుతుందని దేశదేశాల్లో తేలింది. కష్టంలో ఉన్న మనిషి సాయం అడిగి బయటపడిన కథ రాస్తే అది కాపాడగలదు. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది: మొదటి పేజీలో ప్రముఖంగా వేయొద్దు, పద్ధతి వర్ణించొద్దు, స్థలం వివరాలు ఇవ్వొద్దు, సంచలన శీర్షికలు పెట్టొద్దు. మానసిక ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న వారి ఫోటో గానీ వివరాలు గానీ వారి అనుమతి లేకుండా ప్రచురించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. "పరీక్ష తప్పినందుకు" అని ఒకే కారణం అంటగట్టడమూ తప్పే, అంత బాధకు ఒక్క కారణం ఉండదు. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది వెనకాడతారు. అలా జరగదు. మెల్లగా అడగండి, చెప్పేది పూర్తిగా వినండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు లేని ఆత్మహత్య వార్త అసంపూర్ణమని నేను నమ్ముతాను. మన చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరును హాస్యానికి వాడే డైలాగు నా చేతికొస్తే కొట్టేస్తాను. అక్కడికి వెళ్లాల్సిన మనిషి ఆ నవ్వు విని ఆగిపోతాడు.

అపోహ: ఇప్పుడంతా సెల్‌ఫోనే, రేడియో ఎందుకు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఈ నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. బ్యాటరీతో నడిచే రేడియో అక్కరకొచ్చేది అలాంటప్పుడే. సిరిపురంలోని ఆకాశవాణి కేంద్రం 1963 నాటిది, దాన్ని పాత వస్తువులా చూడకండి. పాడేరు, అరకు వైపు కొండల్లో సిగ్నల్ అందని గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ కువి, ఆదివాసీ ఒరియా భాషలు మాట్లాడే ఇళ్లలో మన పేపరు తెలుగు సగమే అందుతుంది. ఆ ఊరి ఆశా కార్యకర్త గొంతు రికార్డు చేయడం మేలు.

అపోహ: ఎక్కువమంది చూస్తే ప్రచారం గెలిచినట్టే.

ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలో పరిశోధకులు కొన్ని ప్రాంతాల రేడియోల్లో పసిపిల్లల జబ్బుల మీద చిన్న ప్రకటనలు పదేపదే వేసి, వేయని ప్రాంతాలతో పోల్చారు. వాళ్లు చూసింది ఆసుపత్రి రిజిస్టర్లు, అంటే ఎంతమంది తల్లులు బిడ్డను ఎత్తుకుని వచ్చారన్నది. వేసిన చోట రాకపోకలు పెరిగాయి. మనమూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) ఓపీ రిజిస్టరు, అంటే రోజూ వచ్చిన రోగుల లెక్క, అడగాలి. ఇంకొకటి కూడా చూసుకోవాలి: పిలిచిన రోజున అక్కడ మందు ఉందా? అక్కడి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంతో మాట్లాడి ఉందని తెలుసుకున్నాకే నేను ప్రకటన వదులుతాను. ఒకసారి వచ్చి ఉత్తచేతులతో తిరిగి వెళ్లిన తల్లి రెండోసారి మన మాట వినదు.

అపోహ: ప్రమాదం జరిగితే పూర్తి సమాచారం వచ్చేదాకా మాట్లాడకూడదు.

2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఇళ్ల మీద పడింది. పన్నెండు మంది పోయారు. అదే రోజు రాత్రి ముందుజాగ్రత్తగా చుట్టుపక్కల జనాన్ని దూరంగా వెళ్లమంటుంటే, మళ్లీ లీకైందన్న మాట ఫోన్లలో పాకి పిల్లాపాపలతో వేలమంది రోడ్డెక్కారు. అలాంటి వేళ మౌనంగా ఉంటే ఆ ఖాళీలోకి పుకారు వస్తుంది. మొదటి ప్రకటన నాలుగు వాక్యాలు చాలు. ఏం జరిగిందో తెలిసినంత వరకు. ఇంకా ఏం తేలలేదో. ఇప్పుడు ఏ వీధివాళ్లు ఏం చేయాలో, ఎటు వెళ్లాలో. మళ్లీ ఎన్ని గంటలకు మాట్లాడతామో. చెప్పిన వేళకు కొత్త సంగతి ఏదీ లేకపోయినా మైకు ముందుకు రావాలి, అదే మాట మళ్లీ చెప్పాలి.