గుండెను నడిపే ప్రోటీనే క్యాన్సర్‌లోనూ: అపోహలు - వాస్తవాలు

మా ల్యాబ్‌లో ఎక్కువ పని కనెక్సిన్ 43 అనే ఒక్క ప్రోటీన్ మీదే. గుండె కండరంలో కణానికీ కణానికీ మధ్య దారి వేసేది ఇదే. కొన్ని క్యాన్సర్లు ముదరడంలో చేయి ఉన్నదీ దీనికే. ఈ రెండూ కలిపి చెప్పగానే "ఇంతకీ అది మంచిదా, చెడ్డదా?" అని అడుగుతారు. కణంలో అది ఎక్కడ ఉంది, అవతలి వైపు ఏ కణం ఉంది అని చూడకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. నాకు తరచూ ఎదురయ్యే అపోహల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

అపోహ: మెదడు చెబితేనే గుండె కొట్టుకుంటుంది.

వాస్తవం: మెదడు నుంచి వచ్చే నరాలు గుండె వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. టెన్షన్ పడితే దడ వచ్చేది అందుకే. కొట్టుకోవడం మాత్రం గుండె సొంత పని. 1967లో కేప్‌టౌన్‌లో క్రిస్టియన్ బెర్నార్డ్ మొదటిసారి ఒక మనిషి గుండెను మరొకరికి అమర్చారు. అప్పటి నుంచి ప్రతి గుండె మార్పిడిలోనూ ఇది కనిపిస్తూనే ఉంది. నరాలన్నీ తెగిన గుండె కొత్త ఛాతీలో తనంతట తానే కొట్టుకుంటుంది. కాకపోతే వేగాన్ని అదుపు చేసే వేగస్ నరం లేదు కాబట్టి, ఊరికే కూర్చున్నా నిమిషానికి 90 నుంచి 110 దాకా ఉంటుంది.

గుండె కుడివైపు పై గది (కుడి కర్ణిక) పైభాగంలో ఉండే సైనస్ నోడ్‌లో విద్యుత్ సంకేతం పుట్టి, ఒక కణం నుంచి మరో కణానికి పాకుతుంది. దానికి దారి కనెక్సిన్లు. ఆరు కనెక్సిన్లు గుండ్రంగా చేరి కణం పొరలో సగం గొట్టం కడతాయి. మిగతా సగం పక్క కణం కడుతుంది. రెండూ మూతికి మూతి ఆనించి అతుక్కుంటాయి. ఆనుకుని ఉన్న రెండిళ్ల ఉమ్మడి గోడకు తలుపు పెట్టుకున్నట్టే. అయాన్లు, చిన్న అణువులు బయటికి రాకుండానే అటూ ఇటూ వెళ్తాయి. సుమారు 1000 డాల్టన్లు (అణువుల బరువు కొలత) దాటినవి పట్టవు.

మనిషిలో 21 రకాల కనెక్సిన్ జన్యువులు ఉన్నాయి. గుండె కింది గదులైన జఠరికల్లో ప్రధానంగా ఉండేది 43. ఆ అంకె కిలోడాల్టన్లలో దాని బరువు. గుండెకు సంబంధం లేకపోయినా ఇక్కడే ఒక మాట చెప్పాలి. కనెక్సిన్ 26 జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉంటే బిడ్డ పుట్టుకతోనే చెవుడుతో పుట్టవచ్చు. తల్లికీ తండ్రికీ చెరో లోపమున్న ప్రతి ఉండి, ఇద్దరికీ చక్కగా వినబడుతూ ఉండవచ్చు. మేనరికాలు జరిగే మన కుటుంబాల్లో ఆ రెండూ ఒకే బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లలకు వినికిడి పరీక్ష మొదట్లోనే చేయించండి.

2001లో వచ్చిన ఒక ఎలుకల ప్రయోగం ఫలితం మా రంగంలో అందరికీ కంఠతా వచ్చు. గుండె కండరంలో మాత్రమే కనెక్సిన్ 43 లేకుండా చేశారు. ఎలుకలు పుట్టాయి, పెరిగాయి, వాటి గుండె రక్తాన్ని బాగానే పంపింగ్ చేసింది. అయినా రెండు నెలల వయసు వచ్చేసరికి గుండె లయ తప్పి హఠాత్తుగా చనిపోయాయి. పంపింగ్ బాగుంటే లయ కూడా బాగున్నట్టే అనుకోకూడదని దీన్నిబట్టే తెలుస్తుంది. గుండె పంపింగ్‌ను చూపే ఎకో రిపోర్టు నార్మల్ అని వచ్చినా, గుండె దడతో కళ్లు తిరిగి పడిపోయిన మనిషికి డాక్టర్లు ఈసీజీ, హోల్టర్ (ఒంటికి తగిలించుకుని గంటల తరబడి లయను నమోదు చేసే పరికరం) కూడా రాసేది అందుకే.

అపోహ: ప్రోటీన్ తగ్గితే ప్రోటీన్ పౌడర్ తాగితే సరిపోతుంది.

వాస్తవం: తిన్న ప్రోటీన్ ఏదైనా పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఏ కణంలో ఏ ప్రోటీన్ ఎంత తయారవ్వాలో ఆ కణమే తేల్చుకుంటుంది. పైగా కనెక్సిన్ 43 ఆయుష్షు చాలా తక్కువ. కొన్ని గంటల్లోనే సగం కరిగిపోతుంది, దాని చోట్లోకి కొత్తది వస్తుంది. మీరు ఇది చదువుతున్నప్పుడు కూడా మీ గుండెలో పాతవి పోయి కొత్తవి వచ్చి చేరుతున్నాయి.

అసలు చిక్కు చాలాసార్లు పరిమాణంలో ఉండదు, చోటులో ఉంటుంది. గుండె కండరాన్ని పల్చగా కోసి, కనెక్సిన్ 43కు అంటుకునే మెరిసే రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, ఆరోగ్యమైన గుండెలో పొడుగాటి కణాల రెండు కొసల దగ్గరే పొట్టి ప్రకాశమైన గీతలు కనిపిస్తాయి. విఫలమైన గుండెలో ఆ గీతలు చెదిరిపోతాయి, కణం పక్కల పొడవునా చుక్కలుగా పరుచుకుంటాయి. సంకేతం వెళ్లే తోవ తప్పుతుంది, లయ చెడే ప్రమాదం పెరుగుతుంది.

ఇదే ప్రోటీన్‌ను వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి చూసే పరీక్షలో, చూస్తే 43 దగ్గర పట్టీతో పాటు 20 దగ్గర చిన్న పట్టీ ఒకటి వస్తుంది. విరిగిపడిన ముక్క అని వదిలేయడం చాలా తేలిక. అది ముక్క కాదని, ప్రోటీన్ తయారీ సూచన ఉండే అదే ఆర్‌ఎన్‌ఏను మధ్యలో నుంచి చదివి కణం కావాలనే తయారుచేసుకుంటుందని 2013లో తేలింది. పూర్తి నిడివి కనెక్సిన్ 43ను కణం అంచుకు చేర్చడంలో అది సాయపడుతుంది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ఫలితం ఇదే.

అపోహ: గుండెకు క్యాన్సర్ రాదు.

వాస్తవం: అరుదు, అంతే. పెద్దవాళ్ల గుండెలోనే పుట్టే గడ్డల్లో ఎక్కువ మిక్సోమాలు. అవి క్యాన్సర్ కావు, అయినా రక్తప్రవాహానికి అడ్డం పడతాయని ఆపరేషన్ చేసి తీసేస్తారు. యాంజియోసార్కోమా లాంటి నిజమైన క్యాన్సర్లూ ఉన్నాయి. ఊపిరితిత్తులు, రొమ్ము, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్), మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) నుంచి గుండెకు పాకే క్యాన్సర్లు వీటికంటే చాలా ఎక్కువ. గుండెలో క్యాన్సర్ అరుదు కావడానికి ఒక కారణంగా చెప్పేది ఇది: గుండె కండర కణాలు విభజన చెందేది చాలా తక్కువ. అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్ 14ను గుర్తుగా పెట్టుకుని 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. 25 ఏళ్లకు ఏడాదికి సుమారు 1 శాతం, 75 ఏళ్లకు 0.45 శాతం కణాలే కొత్తవి. గుండెలో కనెక్సిన్లు ఎక్కువ ఉండటం వల్లే క్యాన్సర్ రాదనేది మాత్రం రుజువైన విషయం కాదు.

అపోహ: క్యాన్సర్ కణం పక్కవాళ్లతో మాటలు మానేస్తుంది, కాబట్టి కనెక్సిన్ పెంచితే క్యాన్సర్ తగ్గుతుంది.

వాస్తవం: ఈ ఆలోచన గాలిలోంచి రాలేదు. 1966లో లోవెన్‌స్టైన్, కన్నో అనే శాస్త్రవేత్తలు కాలేయ క్యాన్సర్ కణాల మధ్య ఈ దారులు పనిచేయడం లేదని చూపించారు. మేం ఇప్పటికీ చేసే సులువైన పరీక్ష ఒకటుంది. గిన్నెలో పరుచుకున్న కణాల మీద లూసిఫర్ ఎల్లో అనే రంగు పోసి, బ్లేడుతో ఒక గీత గీస్తాం. తెగిన కణాల్లోకి రంగు దిగుతుంది. మామూలు కణాలైతే కొద్ది నిమిషాల్లోనే రంగు గీత నుంచి వరుస తర్వాత వరుస లోపలికి పాకుతుంది. చాలా క్యాన్సర్ కణాల్లో గీత పక్క వరుసలోనే ఆగిపోతుంది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. రొమ్ము నుంచి, ఊపిరితిత్తుల నుంచి మెదడుకు చేరిన క్యాన్సర్ కణాలు అక్కడ నరాల కణాలకు తోడుండే ఆస్ట్రోసైట్ కణాలతో కనెక్సిన్ 43 దారులు కట్టుకుంటాయని 2016లో వచ్చిన పరిశోధన చూపించింది. ఆ దారిలో క్యాన్సర్ కణం ఒక చిన్న అణువును పంపుతుంది. దానికి స్పందించి ఆస్ట్రోసైట్లు వదిలే పదార్థాలే క్యాన్సర్ కణానికి బలం ఇస్తాయి, కీమోను తట్టుకునేలా చేస్తాయి. అంతకు ముందు ఏడాది జర్మనీలో మెదడులోనే పుట్టే గ్లయోమా గడ్డల మీద చేసిన పరిశోధనలోనూ ఇలాంటిదే కనిపించింది. గ్లయోమా కణాలు పొడుగాటి తీగలు చాచుకుని, కనెక్సిన్ 43తో ఒకదానికొకటి కలిసి, రేడియేషన్‌ను తట్టుకుంటున్నాయి.

అంటే ఒకచోట కనెక్సిన్ పోవడం నష్టం, ఇంకోచోట ఉండటం నష్టం. పోనీ పూర్తిగా మూసేద్దామా అంటే, ఒళ్లంతా పాకే మందుకు గుండె కూడా తగులుతుంది. మేం రెండు రోగాలనూ పక్కపక్కనే పెట్టుకుని చదవడానికి ఇదే కారణం.

అపోహ: ఎలుకల్లో పనిచేసిందంటే మందు దొరికినట్టే.

వాస్తవం: కనెక్సిన్ దారులను తెరిచి ఉంచే డానెగాప్టైడ్ అనే మందు జంతువుల్లో గుండెపోటు నష్టాన్ని తగ్గించింది. డెన్మార్క్‌లో గుండెపోటు రోగులకు యాంజియోప్లాస్టీ సమయంలో ఇచ్చి చూస్తే, ఇవ్వనివాళ్లతో పోలిస్తే తేడా కనిపించలేదు. ఆ ఫలితం 2018లో అచ్చయింది. వార్తల్లో "కొత్త ప్రోటీన్‌తో క్యాన్సర్‌కు చెక్" అని చూసినప్పుడు, అది గిన్నెలోనా, ఎలుకలోనా, మనిషిలోనా అని ముందు వెతకండి.

అపోహ: రొమ్ము క్యాన్సర్ మందు గుండెను పాడుచేస్తుంది కాబట్టి తీసుకోకపోవడమే మేలు.

వాస్తవం: ఇది వినగానే నాకు నిజంగా భయం వేస్తుంది. హెర్2 కూడా కణాలు కబురు అందుకునే ప్రోటీనే. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో అది మితిమీరి ఉంటుంది, ట్రాస్టుజుమాబ్ అనే మందు దాన్ని అడ్డుకుంటుంది. గుండె కండరం కూడా రక్తనాళాల నుంచి వచ్చే న్యూరెగ్యులిన్ కబురును హెర్2 సాయంతోనే అందుకుంటుంది. 2001లో వచ్చిన ట్రయల్‌లో ట్రాస్టుజుమాబ్‌ను ఆంత్రాసైక్లిన్ అనే కీమో మందుతో కలిపి ఒకేసారి ఇచ్చినవాళ్లలో 27 శాతం మందికి గుండె పనితీరు దెబ్బతింది. ట్రాస్టుజుమాబ్ లేకుండా ఆంత్రాసైక్లిన్ ఉన్న కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో ఇది 8 శాతం. అందుకే ఇప్పుడు సాధారణంగా ఒకదాని తర్వాత ఒకటి ఇస్తారు, మొదలుపెట్టే ముందు ఎకో తీస్తారు, తర్వాత సుమారు మూడు నెలలకోసారి మళ్లీ తీస్తారు. ట్రాస్టుజుమాబ్ వల్ల తగ్గిన పనితీరు, మందు కొన్నాళ్లు ఆపి చికిత్స చేస్తే చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. ఈ మందు వల్ల ప్రాణాలు నిలిచినవాళ్లు ఎందరో ఉన్నారు. మీ అంతట మీరు ఆపకండి, ఎకో తేదీ దాటనివ్వకండి. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం లాంటివి ఉంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి.