నార్డెన్‌లో ఆ ఆదివారం: జర్మనీకి స్పీడ్‌వేలో ఒక్కడే ఛాంపియన్ ఎందుకు?

1983 సెప్టెంబర్ 4, ఆదివారం. పశ్చిమ జర్మనీలో ఉత్తర సముద్రానికి దగ్గర్లో నార్డెన్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పక్కనే ఉన్న హాల్బెమోండ్ ట్రాక్ మీద ఆ రోజు స్పీడ్‌వే, అంటే బ్రేకుల్లేని మోటార్ సైకిళ్ల మట్టి ట్రాక్ రేసు, ప్రపంచ ఫైనల్ జరిగింది. 34 ఏళ్ల ఎగాన్ ముల్లర్ ఐదు రేసుల్లో దిగాడు, ఐదూ గెలిచాడు. 15కి 15 పాయింట్లు. రెండో స్థానంలో నిలిచిన ఆస్ట్రేలియా రైడర్ బిల్లీ శాండర్స్‌కి వచ్చినవి 12, మూడో స్థానంలో ఉన్న ఇంగ్లండ్ రైడర్ మైకేల్ లీకి 11.

అప్పటి నుంచి నలభై ఏళ్లు దాటిపోయాయి. ఆ వ్యక్తిగత టైటిల్ ఇంకో జర్మన్‌కి దక్కలేదు. అంతకు ముందు కూడా ఎవరికీ దక్కలేదు.

మోటార్ సైకిళ్ల దేశం, ఇంజన్ల దేశం అని పేరున్న జర్మనీ ఈ ఆటలో ఎందుకు వెనకబడింది? ఈ ప్రశ్న వినగానే అక్కడి అభిమానులు కొంచెం చిన్నబుచ్చుకుంటారేమో. ఎందుకంటే దీనికి అన్నలాంటి ఇంకో ఆట ఉంది, పేరు లాంగ్‌ట్రాక్. అందులో జర్మన్లు ఒకరి తర్వాత ఒకరు ప్రపంచ విజేతలయ్యారు. ముల్లర్ కూడా అసలు ఆ బడిలో చదువుకున్నవాడే.

ముందు ఈ రెండింటికీ తేడా చెప్పుకుందాం. స్పీడ్‌వే ట్రాక్ చిన్నది, చాలావరకు 300 నుంచి 400 మీటర్లు ఉంటుంది. నలుగురు రైడర్లు, నాలుగు రౌండ్లు, ఎప్పుడూ ఎడమ వైపుకే మలుపు. 500 సీసీ ఇంజన్, మిథనాల్ ఇంధనం, గేరు ఒక్కటే. బ్రేకులు అసలుండవు. మలుపులో వెనక చక్రాన్ని కావాలనే జారనిచ్చి, ముందు చక్రాన్ని మలుపుకి ఎదురు దిక్కుకి తిప్పి, ఎడమ బూటుకి తొడిగిన ఉక్కు తొడుగును నేలకి ఆనించి బండిని తిప్పుతారు. మొత్తం రేసు ఒక నిమిషం లోపు, లేదంటే కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. సగం ఫలితం మొదటి మలుపు దగ్గరే తేలిపోతుంది. స్టార్ట్ దగ్గర అడ్డంగా కట్టిన తాడు పైకి లేచిన క్షణంలో క్లచ్ వదలడం అర సెకను ఆలస్యమైతే ముందున్నవాళ్లు విసిరే మట్టి తినడమే మిగులుతుంది.

లాంగ్‌ట్రాక్‌లో చుట్టు కొలత దాదాపు 1000 మీటర్లు. గుర్రాల పందేలకి కట్టిన మైదానాల మీదే చాలా రేసులు నడిచాయి. బండికి రెండు గేర్లు, పొడవైన ఫ్రేము. సూటి దారిలో వేగం గంటకి 130 కిలోమీటర్లు దాటుతుంది. ఇక్కడ స్టార్ట్ కాస్త పోయినా కోలుకోవడానికి చోటు, సమయం ఉంటాయి. ఇంజన్‌లో దమ్ము, దాన్ని ఆఖరి దాకా కాపాడుకునే తెలివి ముఖ్యం. క్రికెట్ చూసేవాళ్లకి చెప్పాలంటే టెస్టుకీ టీ20కీ ఉన్నంత తేడా. బ్యాటు అదే, పిచ్ కొలత అదే, చదవాల్సిన పాఠం వేరు.

జర్మనీలో, ముఖ్యంగా దక్షిణాన ఉన్న బవేరియాలో, ఈ పెద్ద ఇసుక ట్రాకులు ఊరి పండగలాంటివి. ప్ఫార్‌కిర్షెన్‌లో గుర్రాల మైదానం మీద క్రైస్తవుల పెంతెకొస్తు సెలవుల్లో రేసు నడపడం ఆనవాయితీ. ఉత్తరాన షీసెల్, యూబెక్ లాంటి చోట్ల కూడా జనం ఇలాగే చేరేవారు. పేరున్న రైడర్‌కి ట్రాక్ మీదకి వచ్చినందుకే డబ్బు ముట్టేది. గెలిస్తే అది వేరు. వారాంతాల్లో సొంత దేశంలోనే అంత సంపాదన ఉంటే వేరే దేశానికి ఎవరు పోతారు?

అసలు చిక్కు ఇక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. స్పీడ్‌వేలో ఆరితేరాలంటే ఆ రోజుల్లో బ్రిటిష్ లీగ్‌లో ఆడాలి. 1928లో లండన్ శివార్లలోని హైబీచ్‌లో మొదలైన జోరు తగ్గకుండా, అక్కడ ఊరూరా క్లబ్బులు ఉండేవి. ఈ రోజు ఒక ఊరు, ఎల్లుండి ఇంకో ఊరు, ప్రతిసారీ కొత్త ఆకారం ఉన్న ట్రాకు. న్యూజీలాండ్ నుంచి ఐవాన్ మాగర్, డెన్మార్క్ నుంచి ఓలే ఓల్సన్, అమెరికా నుంచి బ్రూస్ పెన్‌హాల్, అందరూ అక్కడ నలిగి తేలినవాళ్లే. సీజన్‌లో అన్ని స్టార్టులు చేసినవాడికి క్లచ్ చేతి వేళ్లకి అంటుకుపోతుంది. ముల్లర్ కూడా 1970లలో బ్రిటన్‌లో కొంతకాలం ఆడాడు గానీ అక్కడ స్థిరపడలేదు.

1948 నవంబర్‌లో ఉత్తర జర్మనీలోని కీల్‌లో పుట్టాడు ముల్లర్. చదివింది కార్ల మెకానిక్ పని. తన ఇంజన్లు తానే విప్పి, తానే బిగించి, తానే ట్యూన్ చేసుకునేవాడు. 1974లో మొదటిసారి లాంగ్‌ట్రాక్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ దశాబ్దం ముగిసేలోపు అలాంటివి మొత్తం మూడు అతని ఖాతాలో చేరాయి. జనానికి ట్రాక్ బయట కూడా కనిపించాలని అతనికి ఉబలాటం. పాటలు పాడాడు, రికార్డులు విడుదల చేశాడు. నూనె మరకల్లో బతికే ఈ ఆటకి కాస్త సినిమా హంగు తెచ్చిన మనిషి.

అతని పక్కన మిగతావాళ్లనీ చూడండి. 1978లో ముల్లర్, 1979లో అలోయిస్ వీస్‌బోక్, 1980లో కార్ల్ మాయర్. వరసగా మూడేళ్లు లాంగ్‌ట్రాక్ కిరీటం జర్మనీ దాటి పోలేదు. మాయర్ తర్వాత 1982, 1987, 1988లలోనూ గెలిచాడు. ఆ తర్వాతి తరంలో గెర్డ్ రిస్ ఏకంగా ఎనిమిదిసార్లు విజేత అయ్యాడు. వీళ్లలో స్పీడ్‌వే కిరీటం కూడా పెట్టుకున్నవాడు ముల్లర్ ఒక్కడే.

దానికి ఆ ఏడాది పరిస్థితులు కొంత కలిసొచ్చాయి. 1981, 1982లలో విజేత అయిన పెన్‌హాల్ లాస్ ఏంజెలెస్ ఫైనల్ గెలిచాక ఆటకి సెలవు చెప్పి నటన వైపు వెళ్లిపోయాడు. సింహాసనం ఖాళీ. పైగా జర్మన్ గడ్డ మీద ఈ ఫైనల్ జరగడం అదే మొదటిసారి. వీటికన్నా పెద్ద విషయం పోటీ నడిచే పద్ధతి. అప్పట్లో ప్రపంచ ఛాంపియన్‌ని ఒక్క రోజులో తేల్చేవారు. 16 మంది రైడర్లు, 20 హీట్లు (నలుగురేసి దిగే విడివిడి రేసులు), ప్రతివాడూ మిగతా 15 మందితో ఒక్కసారి తలపడేలా జాబితా. గెలిస్తే 3, రెండో స్థానానికి 2, మూడో స్థానానికి 1, చివరివాడికి సున్నా. ఏడాదంతా తిరిగిన లీగ్ ఆటగాడికైనా, ఇంట్లో కూర్చుని ఇంజన్ నూరుకున్నవాడికైనా చేతిలో ఉన్నవి ఐదే రేసులు. ముల్లర్ ఆ ఐదింట్లో ఒక్కటీ జారవిడవలేదు. అదృష్టం అనేవాళ్లు అనవచ్చు, కానీ అదృష్టం ఒక హీట్‌లో కలిసొస్తుంది, రెండింట్లో కలిసొస్తుంది. ఐదింట్లోనా?

తర్వాత గాలి తిరిగింది. 1984 నుంచి 1989 దాకా ఆరేళ్లూ టైటిల్‌ని ఎరిక్ గుండర్సన్, హాన్స్ నీల్సన్ అనే ఇద్దరు డెన్మార్క్ రైడర్లే పంచుకున్నారు, చెరో మూడు. ఇద్దరూ బ్రిటిష్ లీగ్‌లో పండినవాళ్లే. 1989లో ఫైనల్ మ్యూనిక్‌కి వచ్చింది, గెలిచింది నీల్సన్. 1993లో పోకింగ్‌కి వచ్చింది, గెలిచింది అమెరికన్ శామ్ ఎర్మోలెంకో. పందిరి వేసింది జర్మన్లు, పెళ్లికొడుకు మాత్రం బయటివాడు.

1995లో ఒక్క రోజు ఫైనల్ పోయి గ్రాండ్ ప్రీ సిరీస్ వచ్చింది. ఇక ఏడాదిలో ఒక మంచి రోజు చాలదు. ఒక్కో దేశంలో ఒక్కో రౌండు, అన్నింట్లో పాయింట్లు పోగేయాలి. నిలకడ లేనివాడికి చోటు లేదు. బ్రిటన్ లీగ్ బలహీనపడి, డబ్బూ జనమూ పోలాండ్ లీగ్‌కి మళ్లాయి. జర్మనీ లీగ్‌లో మాత్రం ఏడాదికి జరిగే మ్యాచులు కొద్దే.

2014 ఏప్రిల్‌లో ఒకసారి నిప్పు రాజుకున్నట్టే కనిపించింది. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో సీజన్ మొదటి రౌండ్‌ని మార్టిన్ స్మోలిన్‌స్కీ గెలిచాడు. గ్రాండ్ ప్రీ రౌండు గెలిచిన మొదటి జర్మన్ అతనే. సీజన్ చివరికి ఆ ఊపు మిగల్లేదు. 2018లో అతనే ప్రపంచ టైటిల్ గెలిచాడు, కానీ ఏ ఆటలో అనుకుంటున్నారు? లాంగ్‌ట్రాక్‌లో.

2016 నుంచి 2019 దాకా జర్మనీలోని టెటెరోలో గ్రాండ్ ప్రీ రౌండ్లు జరిగాయి. 2024లో కాయ్ హుకెన్‌బెక్ సిరీస్‌లో రెగ్యులర్ రైడర్‌గా అడుగుపెట్టాడు. అంతకు ముందే బవేరియాలోని లాండ్స్‌హుట్ క్లబ్బు ఒక తెగువ చేసింది. సొంత దేశంలో దొరకని మ్యాచుల కోసం 2021లో జట్టుని తీసుకుని ఏకంగా పోలాండ్ లీగ్‌లో చేరిపోయింది. ముల్లర్ కాలంలో రైడర్లు వద్దనుకున్న ఆ పరదేశపు ప్రయాణం ఈసారి ఒక జట్టు మొత్తం చేసింది.