జార్జ్ ఆర్వెల్: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ తరగతుల్లో ఆంగ్ల సాహిత్యం బోధించే నాకు, ఆర్వెల్ పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ కొన్ని అపోహలు ఎదురవుతూనే ఉంటాయి.

అపోహ: భారతదేశంలో పుట్టారు కనుక వలస పాలనను చిన్ననాడే చూశారు.

వాస్తవం: ఆయన 1903 జూన్ 25న నేటి బీహార్‌లోని మోతీహారిలో, నల్లమందు శాఖ ఉద్యోగి ఇంట పుట్టిన మాట నిజమే. అయితే ఏడాది పిల్లవాడిగా ఉండగానే తల్లి ఇంగ్లండ్‌కు తీసుకువెళ్లారు. వలస పాలనను ఆయన దగ్గరగా చూసింది 1922 నుంచి 1927 వరకు, బర్మాలో పోలీసు అధికారిగా.

అపోహ: ఆయన నవలాకారుడు, పత్రికా రచన పొట్టకూటికి చేసిన పని.

వాస్తవం: నాకు ఎక్కువ పేచీ దీనితోనే. 1931లో అడెల్ఫీ పత్రికలో వచ్చిన ఉరిశిక్ష వ్యాసంలో, ఇద్దరు వార్డర్లు భుజాలు పట్టుకుని నడిపిస్తున్న ఖైదీ దారిలోని నీటి గుంటలో కాలు పడకుండా కాస్త పక్కకు జరుగుతాడు. నిండు ప్రాణాన్ని తీయడమంటే ఏమిటో కథకుడికి ఆ అడుగుతోనే తెలిసివస్తుంది. నవలల్లో మనం మెచ్చుకునే చూపు అప్పటికే ఇక్కడ సిద్ధంగా ఉంది. 1941 నుంచి 1943 వరకు బీబీసీలో భారతీయ శ్రోతల కోసం పనిచేసి, ఆ తర్వాత ట్రిబ్యూన్ పత్రికకు సాహిత్య సంపాదకులయ్యారు. టీ కాచడానికి పదకొండు నియమాలు రాసినప్పుడు కూడా (చక్కెర వద్దన్నారు, మనవాళ్లు ఒప్పుకోరు) అదే నిక్కచ్చితనం.

అపోహ: సోవియట్ పాలనను ఎద్దేవా చేసే 'యానిమల్ ఫామ్' నవల రాశారు కనుక సోషలిజానికి శత్రువు.

వాస్తవం: స్పెయిన్ అంతర్యుద్ధంలో పీఓయూఎమ్ అనే వామపక్ష దళంలో చేరి పోరాడిన ఆయనకు 1937 మేలో గొంతులో తుపాకీ గుండు దిగింది. అదే దళాన్ని స్టాలిన్ అనుయాయులు అణచివేయడం కళ్లారా చూశారు. 1936 తర్వాతి తన రచనలు నిరంకుశత్వానికి వ్యతిరేకంగా, ప్రజాస్వామిక సోషలిజానికి అనుకూలంగా రాసినవేనని 1946లో స్వయంగా చెప్పుకున్నారు.

అపోహ: చివరి నవలకు, దాన్ని రాసిన 1948ని తిరగేసి '1984' అని పేరు పెట్టారు.

వాస్తవం: రాతప్రతిలో కథాకాలం మొదట 1980, తర్వాత 1982, చివరికి 1984 అయింది, 'ది లాస్ట్ మాన్ ఇన్ యూరప్' అనే పేరు కూడా పరిశీలనలో ఉండేది. ఆయన ఆ నవల రాసిన స్కాట్లండ్‌లోని జూరా దీవికి వచ్చి టైపు చేసేవారు దొరకక, క్షయతో మంచం పట్టిన మనిషే ఆ ప్రతినంతా టైపు చేసుకున్నారు. నవల 1949 జూన్‌లో వెలువడింది. 1950 జనవరి 21న, 46 ఏళ్లకే ఆయన మరణించారు.

అపోహ: ఆర్వెల్ ఆయన అసలు పేరు.

వాస్తవం: కాదు. ఇంగ్లండ్‌లోని సటన్ కోర్ట్‌నీ గ్రామంలో ఉన్న ఆయన సమాధి రాతిపై ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అనే ఉంటుంది.