“సిస్టరు కోచింగ్ ఇవ్వడమేంటి?” నర్సుల హెల్త్ కోచింగ్: అపోహలు - వాస్తవాలు

నేను నర్సుని, గుంటూరులో ఉంటాను. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక పదకొండేళ్లు వార్డుల్లో, ఐసీయూలో నైట్ డ్యూటీలు చేశాను. గత ఆరేళ్లుగా ఒక షుగర్ క్లినిక్‌లో హెల్త్ కోచింగ్ చూస్తున్నాను, అంటే పేషెంట్లు తమ అలవాట్లు తామే మార్చుకునేలా పక్కనుండి సాయపడటం. ఈ మాట చెప్పగానే “ఎంసెట్‌కా?” అని అడిగినవాళ్లున్నారు. మా ఊళ్లో కోచింగ్ అంటే అదే మరి. పెళ్లిళ్లలో, బస్సుల్లో, క్లినిక్ బయట బెంచీ మీద నాకు రోజూ వినపడే మాటలు కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: నర్సంటే సూది, సెలైన్, బీపీ. మిగతాది డాక్టర్ గారు చూసుకుంటారు.

రద్దీగా ఉండే ఓపీలో డాక్టర్ గారి ముందు ఒక పేషెంటుకి దొరికేది మహా అయితే ఐదారు నిమిషాలు. అందులో రిపోర్టు చూడాలి, మందు రాయాలి, బయట ఇంకో నలభై మంది ఉన్నారు. “వాకింగ్ చేయండి, అన్నం తగ్గించండి” అని ఆయన చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజమే. కానీ ఎక్కడ నడవాలి, ఎప్పుడు నడవాలి, మోకాలు నొప్పిగా ఉంటే ఏం చేయాలి, ఇంట్లో ఆరుగురికి వండే మనిషి తనకి మాత్రం వేరే ఎట్లా వండుకోవాలి అన్నవన్నీ గది బయటే ఉండిపోతాయి. నా పని మొదలయ్యేది అక్కడే.

ఇది కొత్తగా పుట్టిన ఫ్యాషన్ కూడా కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ రాసినప్పుడే గాలి, వెలుతురు, తిండి, చప్పుడు, పడక అన్నీ నర్సు చూడాల్సినవే అంది. రోగి పక్కన కూర్చుని ఉత్తుత్తి ధైర్యాలు, ఉచిత సలహాలు కుమ్మరించేవాళ్ల మీద ఆవిడ ఏకంగా ఒక అధ్యాయమే రాసింది. (మన చుట్టాలందరికీ ఆ అధ్యాయం చదివి వినిపించాలని నా కోరిక.) అమెరికాలో హోలిస్టిక్ నర్సుల సంఘం, అంటే మనిషిని మొత్తంగా చూడాలనే నర్సుల సంఘం, 1981లోనే మొదలైంది, 2006లో అక్కడి నర్సులందరి సంఘం హోలిస్టిక్ నర్సింగ్‌ని ఒక ప్రత్యేక విభాగంగా గుర్తించింది, ఇప్పుడు నర్స్ కోచ్‌లకి విడిగా సర్టిఫికేషన్ పరీక్ష కూడా ఉంది. మన దగ్గర ఆ పేరు లేదు గానీ పని ఉంది. ఊళ్లలో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో కూర్చునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలో చాలామంది నర్సింగ్ చదివినవాళ్లే. ముప్పై దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూసి వెంటపడి మాట్లాడేది వాళ్లే.

అపోహ: హోలిస్టిక్ అంటే ఇంగ్లిష్ మందులు మానేసి కషాయాలు తాగడం.

ఇది చాలా ప్రమాదకరమైన అపోహ, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను. హోలిస్టిక్ అంటే మనిషిని మొత్తంగా చూడటం. నిద్ర, డబ్బు, అత్తగారు, దేవుడు, డ్యూటీ టైమింగులు, భయం, అప్పు అన్నీ షుగర్ రీడింగ్‌లో కలుస్తాయి కాబట్టి అన్నీ అడగడం. మందు మాన్పించడం కాదు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి ఎవరో చెప్పారని ఇన్సులిన్ ఆపేస్తే రోజుల్లోనే ప్రాణం మీదకి వస్తుంది, ఐసీయూలో అలాంటి కేసులు చూశాను. కోచింగ్ చేసే నర్సు మందు డోసు తనంతట తాను మార్చదు, డాక్టర్‌కి చెప్పి మార్పిస్తుంది. మీ కోచ్ ఎవరైనా “ఆ బిళ్లలు మానెయ్యి, నేను చూసుకుంటా” అన్నారంటే ఆ రోజే నమస్కారం పెట్టి వచ్చేయండి. మన దగ్గర హెల్త్ కోచ్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. నర్సుకైతే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబరు అడగండి, అడిగితే మాకేం కోపం రాదు.

అపోహ: కోచింగ్ అంటే ఇది తినకు, అది తినకు అని క్లాసు పీకడం.

నేనూ మొదట్లో అలాగే చేశాను, ఒప్పుకుంటాను. డైట్ చార్టు చేతికిచ్చి పదిహేను నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. వాళ్లు తల ఊపేవాళ్లు, ఆ చార్టు మడిచి ఫైల్లో పెట్టుకునేవాళ్లు, మూడు నెలలకి ఆ ఫైలూ అదే చార్టూ అదే షుగరూ.

పని తీరు మారింది మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ నేర్చుకున్నాక. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తాగుడు అలవాటున్నవాళ్లతో ఎలా మాట్లాడాలి అని 1983లో రాసిన వ్యాసంతో మొదలైన పద్ధతి అది. దాని గుట్టు చిన్నదే. మార్పు ఎందుకు కావాలో నర్సు నోటితో కాదు, పేషెంటు నోటితో రావాలి. ఉదాహరణకి నేను అడిగే ఒక ప్రశ్న: “వారంలో నాలుగు రోజులు నడవగలనన్న నమ్మకం పదికి ఎంత?” నాలుగు అంటారు. “పది ఎందుకు కాదు?” అని అడిగితే సాకులన్నీ బయటికొస్తాయి, అదే “నాలుగు అన్నారు, రెండు ఎందుకు కాలేదు?” అని అడిగితే తాము చేయగలిగినవి వాళ్లే చెప్పడం మొదలుపెడతారు. మొదటిసారి ఇది పనిచేసినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు.

అపోహ: గోల్ అంటే షుగర్ నంబరే, బరువే.

అది నా గోల్, డాక్టర్ గారి గోల్. పేషెంటుది వేరే ఉంటుంది.

ఒకావిడ వచ్చింది, యాభై ఎనిమిదేళ్లు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1. ఏం కావాలమ్మా మీకు అంటే “తగ్గాలి” అంది, అందరూ అనేదే. తగ్గితే ఏం చేస్తారు అని అడిగా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. కొడుక్కి యాక్సిడెంట్ అయినప్పుడు తిరుమల కొండ నడిచి ఎక్కుతానని మొక్కుకుందట, వాడు లేచి తిరుగుతున్నాడు, పెళ్లి కూడా అయింది, మొక్కు మాత్రం నాలుగేళ్లుగా అలాగే ఉంది. రాత్రిళ్లు అదే గుర్తొచ్చి నిద్ర పట్టదంది. ఆవిడ కేస్ షీటులో ఆ మొక్కు సంగతి ఎక్కడా లేదు!

అంతే, ఆ రోజు నుంచి మా లెక్క మారింది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. రెండోదే అనుకున్నాం. డాక్టర్ గారు ఈసీజీ, ఎకో చూసి సరే అన్నాకే మొదలుపెట్టాం. ముందు ఇంటి మెట్లు రెండు అంతస్తులు, పొద్దునా సాయంత్రం. తర్వాత వారానికోసారి మంగళగిరి కొండ మెట్లు. అక్కడ పానకాల స్వామికి పోసిన పానకంలో సగం తిరిగి ఇస్తారు కదా, “షుగర్‌దాన్ని, తాగొచ్చా సిస్టరూ?” అని ఫోను. ఆవిడ వాడేది గ్లిమిపెరైడ్, మెట్లెక్కితే షుగర్ పడిపోయే బిళ్ల అది. కాబట్టి వణుకు, చెమట, కళ్లు తిరగడం వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలు కూర్చుని మళ్లీ చెక్ చేసుకోవాలని ముందే నేర్పాను. ఆ పరిస్థితిలో పానకం మందే, మామూలప్పుడు ఒక్క గుటక ప్రసాదం. స్వామి కూడా సగమే తాగుతాడు కదమ్మా అన్నాను, నవ్వింది.

అసలు చిక్కు పాదాల దగ్గర వచ్చింది. మోనోఫిలమెంట్ అని నైలాన్ పోగులాంటి దాంతో అరికాలు అక్కడక్కడా నొక్కి చూస్తాం. ఎడమకాలి బొటనవేలి కింద స్పర్శ తెలియలేదు ఆవిడకి. అలాంటి కాలికి రాయి గుచ్చుకున్నా, కాలినా తెలియదు, పుండు పడితే మానడం కష్టం. చెప్పుల్లేకుండా ఎక్కడానికి లేదని డాక్టర్ గారు తెగేసి చెప్పారు. “బూట్లేసుకుని ఎక్కితే అదేం మొక్కమ్మా?” అని ఆవిడ. ఇక్కడ నేను పాదాల జాగ్రత్తల మీద ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఆవిడ సరేనని తలూపి, అక్కడికెళ్లి చెప్పులు విప్పేసేది, నాకు బాగా తెలుసు. అందుకే, మీరే ఆలోచించండి, మీ పంతులు గారిని కూడా అడగండి అన్నాను. వారం తర్వాత వచ్చి చెప్పింది: మొదటి మెట్టుకి పసుపు కుంకుమ పెట్టేటప్పుడూ పైన చివరి మెట్టు మీదా ఉత్త కాళ్లు, మధ్యలోదంతా కాన్వాస్ బూట్లు. పంతులు గారు ఒప్పుకున్నారట. నాకు ఇరవై ఏళ్ల సర్వీసు ఇచ్చినా ఆ ఉపాయం తట్టేది కాదు.

ఎనిమిది నెలలకి ఎక్కింది. ఆ రోజుకి బిళ్ల డోసు డాక్టర్ గారు ముందే సరిచేశారు. అప్పటికి హెచ్‌బీఏ1సీ 7.6, పుస్తకాల్లో రాసే 7 కాదు. గుడి ముందు ఫోటోలో వెనక కొడుకు ఆయాసపడుతూ కూర్చుని ఉన్నాడు, వాడికే కోచింగ్ కావాలనుకున్నాను.

అపోహ: మందులు సరిగ్గా వేసుకోనివాళ్లంటే నిర్లక్ష్యం.

ఇది పేషెంట్ల అపోహ కాదు, మాది. డాక్టర్లది, నర్సులది. ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్లే ఆవిడకి బీపీ ఎప్పుడు చూసినా 170 పైనే. నేను అప్పట్లో పనిచేసిన చోట ఫైలు మీద ‘మాట వినదు’ అన్న అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో రాసిపెట్టారు. నేనూ ఆవిడకి రోజూ నలభై ఐదు నిమిషాలు నడవాలని రెండుసార్లు చెప్పాను, సిగ్గుగా ఉంది ఇప్పుడు. పొద్దున ఏడింటి నుంచి చీకటిపడేదాకా ఘాటులో కూర్చుని పనిచేసి, ఇంటికొచ్చి వంట చేసే మనిషికి ఆ మాట.

మూడోసారి ఊరికే అడిగాను, బిళ్ల ఏ టైంకి వేసుకుంటారు, వేసుకున్నాక ఏమవుతుంది అని. “మాటిమాటికీ ఒంటేలుకి లేవాల్సొస్తంది సిస్టరూ, ఆడ దొడ్డి లేదు” అంది. ఆవిడకి ఇచ్చిన రెండు బిళ్లల్లో ఒకటి నీళ్ల బిళ్ల, మూత్రం ఎక్కువగా వచ్చేది. పనిలో టాయిలెట్ లేదు. అందుకే పనికెళ్లే రోజుల్లో బిళ్లా వేసుకోదు, నీళ్లూ తాగదు. నిర్లక్ష్యం ఎక్కడుంది ఇందులో? డాక్టర్ గారికి చెప్తే మందు మార్చారు, ఐదు నిమిషాల పని. తర్వాత చూసినప్పుడు 140 దగ్గరికి వచ్చింది. ఆ టాయిలెట్ మాత్రం ఇప్పటికీ లేదు, అది నా కోచింగ్‌తో వచ్చేది కాదు. మనిషి అలవాట్లు మారితే చాలు అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్లని చూస్తే అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: ఇదంతా కబుర్లే, మాటలతో జబ్బు తగ్గుతుందా?

2002లో అమెరికాలో వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు చూడండి. షుగర్ అంచున ఉన్నవాళ్లు బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అన్నది లక్ష్యం. ఆ గుంపులో షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ల ఇచ్చిన గుంపులో 31 శాతం. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మన భారతీయుల మీదే చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో జీవనశైలి మార్పుతో తగ్గింది 28.5 శాతం. మనకి అంకె చిన్నదే, అయినా ఆ పరిశోధనలోనే మెట్‌ఫార్మిన్‌తో వచ్చినదానికి తీసిపోలేదు. అమెరికా వాళ్లది కరపత్రం ఇచ్చి పంపించిన వ్యవహారం కాదు, ఒక్కొక్కరితో మొదటి ఆరు నెలల్లోనే పదహారు పాఠాలు కూర్చుని మాట్లాడారు. ఆ మాట్లాడినవాళ్లందరూ నర్సులు కారు, ఆ గొప్ప మాకే అంటగట్టను.

అపోహ: యాప్ ఉందిగా, వాట్సాప్‌లో డైట్ చార్టులు వస్తున్నాయిగా.

అడుగులు లెక్కపెట్టడానికి యాప్ మంచిదే. టాయిలెట్ లేదన్న సంగతి దానికి ఎవరు చెప్తారు?

అపోహ: గోల్ చేరితే ఇక కోచింగ్ అక్కర్లేదు.

కొండెక్కిన ఆవిడ సంగతే చెప్తా. మొక్కు తీరింది, ఇంటికొచ్చింది, బూట్లు అటక మీద పెట్టేసింది. సంక్రాంతి వచ్చింది, అరిసెలు, సకినాలు, కోడలు మొదటి పండగ. నాలుగు నెలల తర్వాత చూస్తే హెచ్‌బీఏ1సీ 8.2. చీర కొంగుతో మొహం సగం కప్పుకుని లోపలికొచ్చింది, తిడతానని. ఒకసారి మారిన మనిషి మళ్లీ జారడం మా పనిలో మామూలే, తిట్టేదేమీ ఉండదు. నిజానికి తప్పు నాది, కొండెక్కాక ఏంటి అని ముందే అడగలేదు.

“మళ్లీ ఏదన్నా మొక్కుకోమంటావా ఏంది?” అంది. నేను వద్దనలేదు, ఔననలేదు. ప్రస్తుతానికి అన్నం మూడు గరిటెలే, కూర ముందు తినాలి, ఇంతవరకే ఒప్పందం కుదిరింది, అది కూడా ఆవిడ పెట్టిన అంకే. బూట్లు అటక మీద నుంచి దించారో లేదో వచ్చే మంగళవారం తెలుస్తుంది.