'పరేడ్' గొడవ: 1986లో జార్జియా చెప్పకుండా వదిలేసిన మాట

2023 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో, లియో ఫ్రాంక్ అనే యూదుడి నిజ కథ మీద వచ్చిన 'పరేడ్' సంగీత నాటకం ప్రివ్యూకి వచ్చినవాళ్లకు థియేటర్ బయట నాజీ భావాల గుంపు ఎదురుపడింది. లియో ఫ్రాంక్ హంతకుడేనని కేకలు, కరపత్రాలు. అప్పటి నుంచి ఈ నాటకం పేరు ఎత్తితే చాలు, అదే వాదన మళ్లీ లేస్తోంది.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పెన్సిల్ ఫ్యాక్టరీలో 13 ఏళ్ల మేరీ ఫేగన్ హత్య, యూదు సూపరింటెండెంట్ ఫ్రాంక్‌కు ఉరిశిక్ష, 1915 ఆగస్టులో గుంపు అతన్ని జైలు నుంచి ఎత్తుకెళ్లి చెట్టుకు ఉరితీయడం తెలిసిన సంగతులే. నా దృష్టిలో అసలు మలుపు 1980లలో ఉంది.

హత్య జరిగిన రోజు ఆ ఫ్యాక్టరీలో ఆఫీస్ బాయ్‌గా ఉన్న అలోంజో మాన్ 1982లో నోరు విప్పాడు. స్వీపర్ జిమ్ కాన్లీ ఒక్కడే అమ్మాయి శరీరాన్ని మోసుకెళ్లడం చూశానన్నాడు. చెబితే చంపుతానని కాన్లీ బెదిరించాడట. ఎవరికీ చెప్పొద్దని తల్లి అందట. ఫ్రాంక్‌కు శిక్ష పడింది ప్రధానంగా ఆ కాన్లీ సాక్ష్యం మీదే. అది నిలవదని 1915లోనే జార్జియా గవర్నర్ స్లేటన్‌కు అనిపించింది. కాగితాలన్నీ చదివి ఉరిని యావజ్జీవంగా మార్చాడు. జనం ఆయన ఇంటి మీదికి వెళ్లారు.

మాన్ మాట విన్నాక కూడా 1983లో జార్జియా క్షమాభిక్ష బోర్డు ఫ్రాంక్‌కు క్షమాభిక్ష కాదంది. 1986 మార్చి 11న ఇచ్చింది. ఖైదీని కాపాడలేకపోయామని, చంపినవాళ్లను శిక్షించలేదని ఒప్పుకుంది. నేరం చేశాడా లేదా అన్నది మాత్రం తేల్చలేదు. క్షమాభిక్ష అంటేనే తప్పు చేసినవాడికి పెట్టేది కదా! ఆ కరపత్రాలకు చోటిచ్చింది ఈ ఖాళీయే.

మేరీ బంధువుల్లో కొందరు ఇప్పటికీ ఫ్రాంకే దోషి అంటారు. 1 డాలర్ 20 సెంట్ల కూలీ కోసం వెళ్లి తిరిగిరాని పిల్ల వాళ్లది. ఆ దుఃఖాన్ని ఎవరూ కాదనలేరు.

నాటకం మరో గాయాన్నీ చూపిస్తుంది. నల్లజాతివాణ్ని ఉరితీస్తే ఇంత హడావుడి ఉండేదా అని అందులో నల్లజాతి పనివాళ్లు పాడతారు. నన్ను ఎక్కువగా కలిచివేసేది ఆ పాటే.

ఫ్రాంక్‌ను చంపినవాళ్లలో ఒక్కరి మీదా కేసు నడవలేదు. భార్య ల్యూసిల్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు, 'మిసెస్ లియో ఫ్రాంక్' అనే సంతకం చేసేది. 1957లో చనిపోయింది. క్షమాభిక్ష వచ్చేసరికి ఆమె పోయి దాదాపు 29 ఏళ్లు.