‘అక్రెడిటెడ్’ అన్న ఒక్క మాట చూసి డబ్బు కట్టేయకండి

మార్చి వచ్చిందంటే నాకు ఈ ఫోన్లు మొదలవుతాయి. టెక్సాస్‌లో ఒక పబ్లిక్ హైస్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. తెలుగామె అని తెలిసి, మా స్కూలు కాని వాళ్లు కూడా ఎవరి ద్వారానో నంబరు పట్టుకుని చేస్తుంటారు. ఇంట్లో వాళ్లకు వినపడకుండా కారులో కూర్చుని మాట్లాడతారు. "మేడమ్, మా బాబుని యూటాలో థెరప్యూటిక్ బోర్డింగ్ స్కూల్‌కి పంపుదామనుకుంటున్నాం. చదువు పోతుందా?"

థెరప్యూటిక్ బోర్డింగ్ స్కూల్ అంటే మానసిక చికిత్స, చదువు రెండూ ఉండే హాస్టల్ బడి. రెండు నెలలుగా పిల్లాడు గది దాటి రావడం లేదు, అన్నం తలుపు దగ్గర పెట్టి వస్తున్నారు. అలాంటప్పుడు కూడా క్రెడిట్ల (పాసైన ప్రతి కోర్సుకీ డిప్లొమా లెక్కలో పడే పాయింట్ల) గురించి అడుగుతున్నామే అని వాళ్లకే సిగ్గు. సిగ్గెందుకండీ, అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే చాలామంది అడగాల్సిన వాళ్లను అడగరు.

అపోహ: వెబ్‌సైట్‌లో అక్రెడిటెడ్ (గుర్తింపు పొందింది) అని ఉంది, కాబట్టి క్రెడిట్లన్నీ వచ్చేస్తాయి.

ఎక్కువ మంది కొంప ముంచింది ఇదే. అక్రెడిటెడ్ సరే, ఎవరిచ్చారు, దేనికిచ్చారు? జాయింట్ కమిషన్, కార్ఫ్ లాంటి ఆరోగ్య సేవల గుర్తింపు సంస్థలు చికిత్స ఎలా ఉంది, సంరక్షణ ఎలా ఉంది అని చూస్తాయి. అక్కడ కెమిస్ట్రీ ఎలా చెబుతున్నారన్నది వాటి పని కాదు. నాట్‌సాప్ అన్నది థెరప్యూటిక్ స్కూళ్లు, ప్రోగ్రాములు కలిసి 1999లో పెట్టుకున్న సంఘం. అందులో సభ్యత్వం ఉందంటే సభ్యత్వం ఉందనే. రాష్ట్రం ఇచ్చే రెసిడెన్షియల్ లైసెన్సు కూడా చదువుకు సర్టిఫికెట్ కాదు. చదువు కోసం చూడాల్సిన పేర్లు వేరు: కాగ్నియా (పాత పేరు అడ్వాన్స్‌ఎడ్), మిడిల్ స్టేట్స్, న్యూ ఇంగ్లండ్ వైపు నియాస్క్, పడమటి వైపు వాస్క్. బ్రోషర్‌లో లోగో ఉంటే చాలదు. ఆ సంస్థల సొంత సైట్‌లో స్కూలు పేరు, ఊరు కొట్టి చూడండి. అదే కంపెనీకి చెందిన ఇంకో క్యాంపస్‌కి ఉన్న గుర్తింపును ఇక్కడా చూపించిన స్కూలు ఒకటి నాకు తగిలింది.

సరే, సరైన గుర్తింపే ఉందనుకుందాం. అయినా క్రెడిట్ ఇచ్చేదీ మానేదీ పిల్లాడు తిరిగొచ్చి చేరే స్కూలే. టెక్సాస్‌లో అయితే, రాష్ట్రంలోని గుర్తింపు ఉన్న పబ్లిక్ స్కూళ్ల క్రెడిట్లను డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) తీసుకోవాల్సిందే. ప్రైవేటు స్కూళ్లవీ, వేరే రాష్ట్రాలవీ మాత్రం పరిశీలించి, కోర్సులో ఏం చెప్పారో సరిచూసుకుని నిర్ణయిస్తుంది. అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. క్రెడిట్ ఇస్తారు, కానీ ఎలక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టు) కింద ఇస్తారు. డిప్లొమాకి 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో (ఎంచుకున్న రంగంలో అదనపు కోర్సులతో) 26. వాటిలో ఇంగ్లిష్‌వి నాలుగు, నాలుగే. వెల్‌నెస్, లీడర్‌షిప్, లైఫ్ స్కిల్స్ ఎన్ని తెచ్చినా ఆ ఖాళీ పూడదు.

ఒక అబ్బాయి పద్నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చాడు. వాళ్ల నాన్నగారు ట్రాన్స్‌క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల పట్టీ) నా టేబుల్ మీద పరిచి "అన్నీ ఏ గ్రేడ్లే చూడండి" అన్నారు. నిజమే, అన్నీ ఏ గ్రేడ్లే. తొమ్మిది క్రెడిట్లలో అయిదు ఎలక్టివ్‌ల కిందికి పోయాయి. సైన్స్ కోర్సుకి ల్యాబ్ లేదు. మా రిజిస్ట్రార్ (స్కూలు రికార్డులు చూసేవారు) చెబుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. చివరికి క్రెడిట్ బై ఎగ్జామ్ (కోర్సులో కూర్చోకుండా పరీక్షతో క్రెడిట్ తెచ్చుకోవడం) రాయించాం. ఆ సబ్జెక్టు ముందే చదివి ఉంటే 70, అసలు చదవకపోతే 80 రావాలి. ఒకటి 74తో గట్టెక్కాడు, ఒకటి తప్పాడు, సమ్మర్ స్కూల్లో కూర్చున్నాడు, ఒక సెమిస్టర్ ఆలస్యంగా బయటపడ్డాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. పంపకముందు నా గదిలోకి వస్తే నేల చూపులు చూసేవాడు. తిరిగొచ్చాక "మేడమ్, నేను ఫిజిక్స్ తీసుకోవచ్చా?" అని వాడే అడిగాడు. నాన్నగారికి ఆ రోజు కాగితం ఒక్కటే కనపడింది.

ఇక సెమిస్టర్ మధ్యలో తీసుకెళ్లడం. మాకు సెమిస్టర్‌కి అర క్రెడిట్, పైగా 90 శాతం హాజరు ఉండాలి. ఏప్రిల్‌లో తీసుకెళ్లిపోతే ఏడు కోర్సులూ గాల్లో వేలాడతాయి. అలాగని పిల్లకి ప్రాణం మీదికి వస్తుంటే ఫైనల్స్ అయ్యేదాకా ఆగమని ఎవరైనా అంటే వినకండి, తీసుకెళ్లండి. వెళ్లేముందు విత్‌డ్రాయల్ గ్రేడ్లు (మానేసే రోజుకి ఉన్న గ్రేడ్లు) తేదీతో సహా రాయించుకోండి. అక్కడ అవే కోర్సులు కొనసాగించగలరేమో అడగండి.

డబ్బు కట్టకముందు రెండు ఈమెయిళ్లు పంపండి. నెలకు పదివేల డాలర్లు దాటడం మామూలైన చోట ఇదేమీ పెద్ద పని కాదు. ఒకటి అక్కడి రిజిస్ట్రార్‌కి: కోర్సుల వివరాలు, పేరు తీసేసిన నమూనా ట్రాన్స్‌క్రిప్ట్, స్కూలు సీబ్ కోడ్ (కాలేజీ అప్లికేషన్లలో స్కూలుని గుర్తించే నంబరు) అడగండి. రెండోది ఇక్కడి కౌన్సెలర్‌కి: ఈ కోర్సుల్లో ఏది దేని కింద లెక్కవుతుందో రాసివ్వమనండి. అడ్మిషన్స్‌లో ఫోన్ ఎత్తిన మనిషి "నో ప్రాబ్లమ్" అన్నారని నాకు చెప్పకండి, దయచేసి. సీట్లు నింపడం వాళ్ల ఉద్యోగం.

అపోహ: అక్కడ చదువు ఉత్తుత్తిదే.

అన్ని చోట్లా కాదు. ఏడెనిమిది మంది ఉన్న క్లాసులో టీచర్ పక్కనే కూర్చుని చెబితే, మా ముప్పై మంది క్లాసులో మునిగిపోయిన పిల్ల అక్కడ తేలుతుంది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చదువంతా ఆన్‌లైన్ కోర్సుకే వదిలేసేవీ ఉన్నాయి. ప్రీకాల్క్యులస్ ఎవరు చెబుతారు? ల్యాబ్ ఉందా? స్పానిష్ మూడో ఏడు ఉందా? ఈ మూడు అడిగితే సగం తెలిసిపోతుంది.

అపోహ: మన రెసిడెన్షియల్ కాలేజీల్లాంటిదే, కాస్త క్రమశిక్షణ వస్తుంది.

ఒక తాతగారు గుంటూరు నుంచి వీడియో కాల్‌లో నాతో ఇదే వాదించారు. "ఇక్కడ హాస్టల్లో పడేస్తే పదో వంతుకు అయిపోయేది కదమ్మా" అన్నారు. డిప్రెషన్‌లో ఉన్న పిల్లని స్టడీ అవర్లతో బాగుచేయలేమని చెప్పడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. ఒప్పుకున్నారని అనను.

అపోహ: ట్రాన్స్‌క్రిప్ట్ మీద జబ్బు పేరు వేస్తారు.

వేయరు. కోర్సులు, గ్రేడ్లు, క్రెడిట్లు, స్కూలు పేరు. అంతే. ఆ పేరు కొట్టి చూస్తే ఎలాంటి స్కూలో తెలుస్తుంది, అది నిజం. స్కూల్లో క్రమశిక్షణ చర్యలున్నాయా అన్న ప్రశ్నను కామన్ యాప్ (చాలా కాలేజీలకు కలిపి వాడే అప్లికేషన్) 2021-22 నుంచి తీసేసింది. కొన్ని కాలేజీలు మాత్రం విడిగా అడుగుతాయి.

అపోహ: ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు స్కూలు రాసిచ్చే చదువు ప్లాను) ఉంటే డిస్ట్రిక్టే డబ్బు కడుతుంది.

దానంతట అది కట్టదు. తర్వాత అడుగుదామనుకున్నా, తీసుకెళ్లడానికి కనీసం పది పనిదినాల ముందు డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా చెప్పకపోతే మీ వాదన బలహీనపడుతుంది. వాట్సాప్ గ్రూపుని కాదు, స్పెషల్ ఎడ్యుకేషన్ లాయర్‌ని అడగండి.

క్లాసు ర్యాంకు పడిపోతుందా? డిస్ట్రిక్ట్‌ని బట్టి. యూటీ ఆస్టిన్ యూనివర్సిటీలో ఆటోమేటిక్ అడ్మిషన్ ఇప్పుడు టాప్ 5 శాతానికే. ఈ సమయంలో దాని గురించి ఆలోచించే వాళ్లతో నాకు ఓపిక తక్కువ.

ఫీజు బాకీ ఉంటే ప్రైవేటు స్కూళ్లు ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేస్తుంటాయి. అసలు స్కూలే మూతపడితే ఇంకా అవస్థ, గత కొన్నేళ్లలో ఇలాంటివి చాలానే మూతపడ్డాయి. రెండేళ్ల కింద ఒకామెకి అదే అయింది. స్కూలుకి మేం పంపిన ఈమెయిల్ తిరిగొచ్చేసింది. ఆవిడ మాత్రం ప్రతి సెమిస్టర్ చివర అనఫిషియల్ ట్రాన్స్‌క్రిప్ట్, సిలబస్‌లు, పాప రాసిన ల్యాబ్ రిపోర్టులు ఒక ఫోల్డర్‌లో దాచింది. "ఎందుకు దాచానో తెలీదక్కా, మా అమ్మ కరెంటు బిల్లులు దాచినట్టు దాచాను" అంది. మా రిజిస్ట్రార్ రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసి, ఒక్క పీఈ (వ్యాయామం) తప్ప అన్నీ ఇచ్చేశారు.