రాళ్ళ దేశం చూడబోతున్న మీకు

ప్రియమైన చిన్నీ, బుజ్జీ,

వేసవి సెలవులకి ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో మీ బాబాయి ఇంటికి వెళ్తున్నారట కదా! మొహర్ కొండల ఫోటోలు ఈపాటికి చూసే ఉంటారు. సముద్రం ఒడ్డున నిట్టనిలువుగా లేచిన రాతి గోడ అది. ఒకచోట 214 మీటర్ల ఎత్తు ఉంటుంది. చూడండి, బాగుంటుంది. గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది, అంచుకి పోయి సెల్ఫీలు దిగారో, చెవులు మెలేస్తాను.

నన్నడిగితే ముందు న్యూగ్రేంజ్‌కి వెళ్ళాలి. బయటినుంచి గడ్డి మొలిచిన పెద్ద దిబ్బలా ఉంటుంది, చూసి పెదవి విరవకండి. కట్టింది క్రీ.పూ. 3200 ప్రాంతంలో. ఈజిప్టు గిజా పిరమిడ్ల కన్నా పాతది. ఇనుము సంగతే తెలియని రైతులు కట్టుకున్న సమాధి. లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి. మీ నాన్న పొట్ట బిగించుకుని పక్కకి తిరిగి నడవాలి! చివర గదికి కప్పు ఎలా వేశారో తల పైకెత్తి చూడండి. రాయి మీద రాయి కాస్త కాస్త లోపలికి జరుపుకుంటూ పేర్చి, పైన ఒక్క బండతో మూసేశారు. సున్నం లేదు, సిమెంటు లేదు. అయినా ఇన్ని వేల ఏళ్ళ వానలకి చుక్క కారలేదు.

అసలు తెలివి గుమ్మం పైన ఉంది. అక్కడొక చిన్న కిటికీ లాంటి సందు వదిలారు. ఎందుకంటే దారి లోపలికి పోయేకొద్దీ ఎత్తెక్కుతుంది, గది నేల దాదాపు ఆ సందు ఎత్తుకి వస్తుంది. గుమ్మంలోంచి వచ్చే ఎండ సగంలోనే ఆగిపోతుంది. డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలో పగలు అన్నిటికన్నా తక్కువగా ఉండే రోజుల్లో, పొద్దుటి కిరణం ఆ సందులోంచి దూరి గదిదాకా వస్తుంది. 17 నిమిషాలు, అంతే. ఊరివాళ్ళు చెప్పుకునే మాట నిజమేనా చూద్దామని 1967లో ఓ'కెల్లీ అనే పురావస్తు ప్రొఫెసర్ తెల్లవారకముందే లోపల కూర్చుని, కళ్ళారా చూశాడు. ఇప్పుడు ఆ రోజుల్లో లోపలికి వెళ్ళాలంటే లాటరీ తగలాలి. తగిలినా మబ్బు పడితే ఏమీ కనపడదు! మీరు వెళ్ళేది వేసవిలో కాబట్టి గైడ్ లైట్లార్పి, బల్బుతో ఆ వెలుగు ఎలా వస్తుందో చూపిస్తాడు.

ఇక ఉత్తరాన జెయింట్స్ కాజ్‌వే. సముద్రపు ఒడ్డున దాదాపు 40,000 రాతి స్తంభాలు, ఎక్కువ వాటికి ఆరు పలకలు. ఫిన్ మకూల్ అనే రాక్షసుడంతటి వీరుడు స్కాట్లాండ్‌కి దారి వేశాడని అక్కడి కథ. నిజానికి సుమారు 6 కోట్ల ఏళ్ళ కిందట పొంగిన లావా చల్లారుతూ కుంచించుకుపోయింది. ఎండిన చెరువులో నెర్రెలు పడతాయే, అలాగే పైన పగుళ్ళు పడి, అవే కిందికి దిగాయి. మన ముంబైలో గిల్బర్ట్ హిల్ కూడా ఇలా పుట్టిందే.

ఒక్క సంగతి మీ నాన్నకి చెప్పండి. కాజ్‌వే ఉన్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్ కిందికి వస్తుంది. అక్కడ యూరోలు కాదు, పౌండ్లు. మీ వీసా రెండు చోట్లకీ పనికొస్తుందో లేదో టికెట్లు కొనకముందే చూసుకోమనండి. రెయిన్‌కోట్లు మర్చిపోకండి, వేసవైనా సరే.

ఆశీస్సులతో,
తాతయ్య